ఆటో పార్ట్స్ షాపులో టూల్స్ ఊరికే ఇస్తారా? స్ప్రింగ్ కంప్రెసర్ కావాలి

కొత్తరెంచి: అందరికీ నమస్తే. మాది 2012 టయోటా క్యామ్రీ, ముందు స్ట్రట్స్ (చక్రం దగ్గర కుదుపులు తగ్గించే, చుట్టూ స్ప్రింగ్ ఉండే షాక్ అబ్జార్బర్లు) రెండూ పోయాయి, చిన్న గుంతలో పడినా టకటకమంటోంది. నేనే మార్చుకుందామని ఉంది. కానీ దానికోసం ఆ స్ప్రింగ్‌ను నొక్కిపట్టే స్ప్రింగ్ కంప్రెసర్ కొని ఒక్కసారి వాడి మూలన పడేయడం దండగ. అమెరికాలో ఆటో పార్ట్స్ షాపులు ఇలాంటివి వాడుకోవడానికి ఇస్తాయని ఆఫీసులో విన్నాను. నిజంగా ఫ్రీయేనా, లేక ఏదైనా మెలిక ఉందా? పార్ట్స్ కూడా వాళ్ల దగ్గరే కొనాలా?

గ్రీజుచేతులు: నిజమేనండి. ఆటోజోన్ షాపుల్లో దీన్ని లోన్-ఎ-టూల్ అంటారు. ముందు డిపాజిట్ కట్టాలి, 90 రోజుల్లోపు తిరిగిచ్చేస్తే మొత్తం వెనక్కి ఇస్తారు, ఇవ్వకపోతే ఇక ఆ టూల్ మీరు కొనుక్కున్నట్టే. పార్ట్స్ అక్కడే కొనాలని ఏమీ లేదు. ఓరైలీ, అడ్వాన్స్ షాపులవాళ్లు కూడా ఇస్తారు, గడువు మాత్రం ఎక్కడికక్కడ వేరు, రసీదు చూసుకోండి, అది పారేయకండి కూడా. వీలైతే క్రెడిట్ కార్డుతో కట్టండి, డెబిట్ అయితే డబ్బు తిరిగి ఖాతాలో పడేదాకా ఎదురుచూడాలి.

పానాపట్టు: ఒక్క ముఖ్యమైన మాట. పెట్టె తీసుకుని నేరుగా కారెక్కకండి, కౌంటర్ మీదే తెరిచి చూడండి. అవి పదిమంది చేతులు మారిన టూల్స్, ముక్కలు తగ్గి ఉండొచ్చు, స్క్రూ మరలు అరిగిపోయి ఉండొచ్చు. ఏదైనా లేకపోతే అప్పుడే చెప్పి రసీదు మీద రాయించుకోండి, లేకపోతే తిరిగిచ్చేటప్పుడు అది మీరే పోగొట్టారంటారు. బాల్ జాయింట్ ప్రెస్, హబ్ పుల్లర్ లాంటి, బిగుసుకున్న భాగాలను ఊడదీసే టూల్స్ అయితే మీ కారుకు సరిపోయే అడాప్టర్ అందులో ఉందో లేదో కూడా చూడాలి, బండి విప్పేశాక తెలిస్తే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. తిరిగిచ్చేముందు జిడ్డు తుడిచి ఇవ్వండి, తర్వాత వాడేవాళ్లు కూడా మనలాంటివాళ్లే.

గ్రీజుచేతులు: అవును, స్ప్రింగ్ కంప్రెసర్ విషయంలో ఇది ప్రాణాల మీదికొచ్చే సంగతి. నొక్కిపెట్టిన స్ప్రింగ్ జారి ఎగిరితే ఎముకలు విరుగుతాయి, మనుషులు చనిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. హుక్ వంగి ఉన్నా, మరలు అరిగినా తీసుకోవద్దు, ఇంకోటి అడగండి. కంప్రెసర్ రాడ్లు రెండింటినీ స్ప్రింగ్‌కు ఎదురెదురుగా పెట్టి, ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా మార్చి మార్చి చేతి పానాతోనే బిగించండి, ఇంపాక్ట్ గన్ (మెషీన్‌తో తిరిగే పానా) వాడకండి. స్ప్రింగ్ సీటు మీద వదులయ్యేదాకా స్ట్రట్ పైన మధ్యలో ఉన్న నట్ జోలికి అస్సలు పోవద్దు.

కొత్తరెంచి: చాలా థ్యాంక్స్ అండి. ఇది చదివాక కాస్త భయమేస్తోంది, నిజం చెప్పాలంటే. స్ప్రింగ్ విప్పకుండా వేరే దారి ఏమీ లేదా?

పానాపట్టు: ఉంది, మొదటిసారి చేస్తున్నారు కాబట్టి నేనైతే అదే చెయ్యమంటాను. స్ప్రింగ్, పైన మౌంట్‌తో సహా అంతా బిగించి వచ్చే రెడీమేడ్ స్ట్రట్ అసెంబ్లీలు దొరుకుతాయి, మన్రో వాళ్ల క్విక్-స్ట్రట్ అలాంటిదే. ఉత్త స్ట్రట్ కంటే ఖరీదెక్కువ, కానీ కంప్రెసర్‌తో పనే లేదు. బాడీకి పట్టి ఉంచే పై నట్లు, కింద నకిల్ (చక్రం హబ్‌ను పట్టి ఉంచే భాగం) దగ్గర రెండు పెద్ద బోల్టులు, స్ట్రట్‌కు తగిలించిన బ్రేక్ హోస్ బ్రాకెట్, స్టెబిలైజర్ లింక్ తీస్తే పాతది మొత్తంగా బయటికొచ్చేస్తుంది. షాపు నుంచి కంప్రెసర్ బదులు టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో తెలిపే పానా) తెచ్చుకోండి, ఆ బోల్టులు కంపెనీ చెప్పిన లెక్కకే బిగించాలి. అయ్యాక వీల్ అలైన్‌మెంట్ చేయించండి, లేకపోతే కొత్త టైర్లయినా ఒకపక్కే అరిగిపోతాయి.