పల్లె సంఘంలో బైబిల్లోని ఒకే పుస్తకాన్ని వరుసగా బోధించిన పాస్టర్లు ఉన్నారా?

అందరికీ వందనాలు. పల్నాడులో చిన్న సంఘం మాది, ఎక్కువమంది కూలి పనులకు వెళ్లేవాళ్లు. మిరప కోతల రోజుల్లో ఆరాధన మొదలై పాటలన్నీ అయ్యాకే సగంమంది వస్తారు, అప్పటికే ఒళ్లు హూనమై ఉంటుంది పాపం, వాక్యం మొదలుపెట్టగానే వెనక వరసలో తలలు వాలిపోతాయి. ఆదివారం కాక శుక్రవారం ఉపవాస ప్రార్థన, మధ్యలో గృహ కూడికలు, ప్రతిదానికీ కొత్త అంశం వెతుక్కోవడమంటే శనివారం రాత్రి ఒకటే టెన్షన్. అందుకే ఏదో ఒక పుస్తకం తీసుకుని వరుసగా చెబుదామని ఉంది. ఫిలిప్పీ పత్రిక (ఫిలిప్పీ సంఘానికి పౌలు రాసిన ఉత్తరం) అయితే 4 అధ్యాయాలే, పైగా ఆయన బంధకాల్లో, అంటే చెరలో ఉండి రాసింది. కానీ చదువురాని పెద్దవాళ్లకు పత్రికల కంటే మార్కు సువార్తలా కథ నడిచేదే బాగా ఎక్కుతుందేమో. మీరైతే దేనితో మొదలుపెడతారు? వారం తప్పినవాళ్లకు ముందు చెప్పింది ఎలా అందిస్తారు?

ఇంకోటి, 1 రాజులు 19లో అలసిపోయిన ఏలీయా ప్రవక్తకు దేవదూత ముందు అప్పం, నీళ్లు ఇచ్చాడు, ప్రసంగం చేయలేదు. మరి పాస్టర్ అలసిపోతే మీ దగ్గర ఎవరు చూసుకుంటారు? మనసు విప్పి మాట్లాడుకోవడానికి పక్క ఊళ్ల పాస్టర్లు కలిసే అలవాటు ఎక్కడైనా ఉంటే ఎలా మొదలైందో చెప్పండి.