చలికి బొగ్గు పొయ్యి కొనొచ్చా?

మాది ఎస్.కోట పక్క, అరకు ఘాట్ కింద ఊరు. జనవరి చలికి మామ్మ కాళ్లు కొంకర్లు పోతున్నాయి, ఆవిడేమో కుంపటి గదిలో పెట్టుకుని తలుపేసుకుంటానంటుంది, ఒకటే టెన్షన్. పొగగొట్టం ఉన్న ఇనప పొయ్యి కొంటే నయమా? ఏ బొగ్గు వెయ్యాలి?

జవాబు: ముందు ఆ కుంపటి గదిలోంచి తీసెయ్యండి బాబూ. తలుపులేసిన గదిలో బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం పోతుంది. కర్రబొగ్గుకి పొగ రాదు కదా అని ధీమా వద్దు.

జవాబు: కొంటే పోత ఇనుముది, అడుగున ఊచలు, కింద బూడిద సొరుగు ఉన్నది చూడండి. రాతిబొగ్గుకి గాలి కింద నుంచి అందాలి, ఊచల మధ్య బూడిద అడ్డుపడితే మంట చచ్చిపోతుంది, అందుకే రోజూ కదిపి దులపాలి. గొట్టం ఇంటి కప్పు దాటి నిటారుగా పోవాలి. రాత్రి గాలి తగ్గించినా గొట్టం మూత పూర్తిగా బిగించకండి. ఆంత్రసైట్ అనే గట్టి రకం రాతిబొగ్గుకి పొగ తక్కువ గానీ మన వైపు ఎక్కడ దొరుకుతుంది!

జవాబు: మన చలికి ఇంత హంగామా ఏటండీ? రబ్బరు సంచిలో వేడినీళ్లు పోసి కాళ్ల దగ్గర పెట్టండి.

అడిగినవారు: సంచి తెస్తాను. కుంపటి మాత్రం వీధరుగు మీదే, ఆవిడ తిట్టినా సరే.