డప్పు మిడి లూప్‌ల మొదటి దెబ్బ మాయమైతున్నది, ఎట్ల సరిచేయాలె?

హన్మకొండల బతుకమ్మ ఆటకు 6/8ల నాలుగు బార్ల (తాళం ఆవృత్తాల) డప్పు లూప్, అంటే మళ్ల మళ్ల తిరిగే ముక్క, కంప్యూటర్‌ల మిడి (నోట్ల సమాచారం) తోని కావాలె. టెంపో నిమిషానికి 96 క్వార్టర్ నోట్లు, రిజల్యూషన్ క్వార్టర్ నోట్‌కు 960 టిక్కులు (టిక్కు అంటే మిడిల కాలం కొలిచే చిన్న ముక్క). అంటే మూడు క్వార్టర్ నోట్ల బార్‌కు 2880, మొత్తం 11520 రావాలె. క్లిప్పు (ఆ నోట్లున్న డబ్బా) పొడవు మాత్రం 11523 చూపిస్తున్నది. చివరి నోటు తోక బార్ గీత దాటింది, గ్లూ చేస్తే (ముక్కలను ఒక్కటిగ అతికిస్తే) క్లిప్పు కూడా దానితోటి సాగింది. తిప్పుకు 3 టిక్కులే గని, 16 తిప్పులకు 48, అంటే 31 మిల్లీసెకన్లు. చప్పట్లు ఒకదిక్కు, డప్పు ఒకదిక్కు! తోక కోసి, పొడవు 11520 అని టైపు చేస్తే అది సర్దుకున్నది.

అసలు తిప్పలు మొదటి దెబ్బతోని. ప్యాడ్ మీద కొట్టినప్పుడు అది గీతకు 20 టిక్కులు ముందు పడ్డది. క్లిప్పు గీత మీదనే మొదలైతది కాబట్టి ఆ నోట్-ఆన్ (నోటు మొదలుపెట్టే సందేశం) బయటనే మిగులుతది, దెబ్బ వినవడదు. క్వాంటైజ్ (నోట్లను గీత దిక్కు జరిపేది) 60 శాతం పెట్టినా ఇంకా 8 టిక్కులు ముందే ఉంటది. 100 పెడితే వినవడతది గని సిటికెన పుల్ల (డప్పు కొట్టే సన్న పుల్ల) మోత మిషన్ కొట్టినట్టే.

నోట్లన్నీ 20 టిక్కులు కుడికి జరిపి ట్రాక్ డిలే (ట్రాక్ మొత్తాన్ని ముందుకో వెనుకకో జరిపే సెట్టింగు) మైనస్ 13 మిల్లీసెకన్లు పెట్టొచ్చు, కాకపోతే టెంపో మార్చంగనే ఆ లెక్క తప్పుతది. ఆ ఒక్క నోటును 11500 కాడ పెట్టి, పాట మొదట్ల విడిగా ఒకటి వేస్తే? లూప్ ఆగినకాడ ఒక దెబ్బ ఎక్కువ పడతది.

టెంపో మారినా చెడని పద్ధతి ఏదన్న ఉంటే చెప్పుండ్రి.