డిస్‌ప్లే ఉన్న పేమెంట్ కార్డు: 15 ఎంఏహెచ్ బ్యాటరీని మూడేళ్ళు లాగడం ఎట్లా?

ఓర్వకల్లు_ఈసీఈ (కర్నూలు)

అన్నలకు నమస్కారం. మా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఆరంకెల ఓటీపీ చూపించే కార్డు. బటన్ నొక్కితే ఈ-పేపర్ (కాగితంలా కనిపించే పల్చటి ఎలక్ట్రానిక్ తెర) మీద కోడ్ వస్తుంది, 20 సెకన్ల తర్వాత చెరిగిపోతుంది. పేమెంట్ చిప్ జోలికి పోవడం లేదు, డిస్‌ప్లే భాగం ఒక్కటే చేస్తున్నాం.

బ్యాటరీ పల్చటి లిథియం మాంగనీస్ డయాక్సైడ్ సెల్. 3 వోల్టులు, 15 ఎంఏహెచ్, మందం 0.45 మిల్లీమీటర్లు, రీచార్జ్ కాని రకం. కంట్రోలర్ ఎంఎస్‌పీ430ఎఫ్‌ఆర్5969. గడియారం కోసం లోపలి ఆర్‌టీసీ (రియల్ టైమ్ క్లాక్) నడుస్తోంది, స్లీప్ ఎల్‌పీఎం3.5 (గడియారం తప్ప దాదాపు అన్నీ ఆగే నిద్ర). ఈ-పేపర్‌కు వోల్టేజీ పెంచి 15 వోల్టులిచ్చే బూస్ట్ కన్వర్టర్ ఉంది, దాని ముందు కరెంటు ఆపే లోడ్ స్విచ్ ఉంది. బ్యాటరీ వోల్టేజీ చదవడానికి రెండు 1 మెగాఓమ్ రెసిస్టర్ల డివైడర్ (వోల్టేజీని సగానికి దించేది) పెట్టినాం. బ్యాటరీ మీద 10 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ ఒకటే ఉంది.

సమస్యలు రెండు. స్లీప్‌లో 1.8 మైక్రో ఆంప్ లాగుతోంది, లెక్క వేస్తే ఏడాది కూడా రాదు. రెండోది, కొత్త బ్యాటరీతోనే అప్పుడప్పుడు అంకెలు సగం గీసి ఆగిపోతాయి, కంట్రోలర్ రీసెట్ అవుతుంది. బెంచ్ సప్లై పెడితే ఏ ఇబ్బందీ లేదు. ఎక్కడ చూడాలో చెప్పండి.

తాడిపత్రి_ఫర్మ్‌వేర్ (అనంతపురం)

చూడప్పా, ముందు బడ్జెట్ వేసుకో. 15 ఎంఏహెచ్ అని రాసి ఉన్నా మొత్తం నీ చేతికి రాదు. చివర్లో సెల్ లోపలి నిరోధం పెరిగి వోల్టేజీ కూలుతుంది కాబట్టి 70 శాతం, అంటే 10.5 ఎంఏహెచ్ మాత్రమే లెక్కలోకి తీసుకో. మూడేళ్ళంటే 26,280 గంటలు. భాగిస్తే సగటున 400 నానో ఆంప్. స్లీప్, డిస్‌ప్లే, సెల్ తనంతట తాను కోల్పోయేది అన్నీ దాంట్లోనే ఇమడాలి. నీ 1.8 మైక్రో ఆంప్ స్లీప్ ఒక్కటే మూడేళ్ళకు 47 ఎంఏహెచ్ అడుగుతుంది. ఇటువంటి కార్డు పని చేసి అలిసిపోదు, పర్సులో పడుకొని ఖాళీ అవుతుంది.

దొంగ ఎవరో నీ పోస్టులోనే ఉండాడు. రెండు 1 మెగాఓమ్‌లు సిరీస్‌లో 2 మెగాఓమ్‌లు, 3 వోల్టులకు 1.5 మైక్రో ఆంప్, రాత్రీ పగలూ. తీసేయ్. ఈ కంట్రోలర్‌లో ఏడీసీ (వోల్టేజీని అంకెగా చదివే భాగం) తన సప్లైని లోపలి రిఫరెన్స్‌తో పోల్చి తానే చదువుకోగలదు, బయట ఒక్క రెసిస్టర్ కూడా అక్కర్లేదు. డివైడర్ ఉండాల్సిందేనంటే కింది కొసను గ్రౌండ్‌కు కాకుండా ఒక జీపీఐఓ పిన్‌కు (ప్రోగ్రామ్‌తో మార్చగల పిన్) కట్టు. చదివేటప్పుడు మాత్రం దాన్ని 0 వోల్టులకు దించి, అయిపోగానే ఇన్‌పుట్‌గా మార్చు.

ఎప్పుడు చదువుతావన్నది ఇంకా ముఖ్యం. ఈ రకం సెల్ లోడ్ లేనప్పుడు దాదాపు చివరి దాకా 3 వోల్టుల దగ్గరే నిలబడుతుంది, కాబట్టి స్లీప్ నుంచి లేవగానే చదివిన అంకెను నమ్మొద్దు. డిస్‌ప్లే రిఫ్రెష్ జరుగుతుండగా చదువు. లోడ్ మీద 2.4 కన్నా కింద కనిపిస్తే కోడ్‌తో పాటు బ్యాటరీ గుర్తు చూపించు. దానికి తోడు ఎన్ని నొక్కులయ్యాయో ఎఫ్‌ర్యామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీ) లెక్కపెట్టుకుంటూ పో, దాంట్లో రాయడానికి అయ్యే ఖర్చు లెక్కలోకి రాదు.

ఇక 20 సెకన్లు ఎట్లా కాస్తున్నావో కోడ్ తెరిచి చూడు. డిలే లూప్‌లో తిప్పుతుంటే 8 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 0.8 మిల్లీ ఆంప్ పోతుంది. 20 సెకన్లకు 16 మిల్లీ ఆంప్-సెకన్లు. డిస్‌ప్లేను రాసి చెరిపే రెండు రిఫ్రెష్‌లకూ ఒక్కోదానికి అర సెకను, సగటు 3 మిల్లీ ఆంప్ అనుకుంటే రెండూ కలిపి ఖర్చు 3 మిల్లీ ఆంప్-సెకన్లే. అంటే పనికి అయిదింతలు ఎదురుచూపుకే పోతోంది. టైమర్ పెట్టి ఎల్‌పీఎం3లో (టైమర్ నడిచే తేలికపాటి నిద్ర) పడుకోబెట్టు.

పెన్నేటి_సర్క్యూట్ (కడప)

రీసెట్ సంగతి నేను చెప్తాను. బెంచ్ సప్లైతో బాగుండి సెల్‌తో ఆగిపోతోందంటే సెల్ లోపలి నిరోధమే కారణం. గుండ్రటి కాయిన్ సెల్‌ను చూసిన కంటితో ఈ పల్చటి సెల్‌ను చూడకూడదు. కొత్తదానికే పదుల ఓమ్‌లు ఉంటాయి, వాడేకొద్దీ పెరుగుతాయి. 50 ఓమ్‌లు అనుకోండి. బూస్ట్ కన్వర్టర్ మొదలయ్యేటప్పుడు ఒక్క క్షణం 30 మిల్లీ ఆంప్ లాగినా 1.5 వోల్టులు సెల్ లోపలే పడిపోతాయి. మిగిలేది 1.5. కంట్రోలర్‌కు 1.8 కావాలి. అందుకే సగం గీసి చస్తోంది.

బెంచ్ మీదే నిర్ధారించుకోవచ్చు. సప్లైకి వరుసలో 47 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి అదే బటన్ నొక్కండి, స్కోప్ కంట్రోలర్ సప్లై పిన్ మీద ఉంచండి. అదే తప్పు కళ్ళముందు కనిపిస్తుంది. ఆ తర్వాత 100 ఓమ్‌లు పెట్టి చూడండి, అది ముసలి సెల్ కింద లెక్క. మీ డిజైన్ 100 ఓమ్‌లతో కూడా నిలబడాలి.

దీనికి మందు, ముందే నింపి పెట్టుకున్న కెపాసిటర్. లోడ్ స్విచ్ తర్వాత, బూస్ట్ ఇన్‌పుట్ మీద, నిజంగా 47 మైక్రోఫారడ్లు ఉండాలి. నిజంగా అని ఎందుకంటున్నానంటే సిరామిక్ కెపాసిటర్ మీద డీసీ వోల్టేజీ ఉంటే విలువ తగ్గుతుంది. 6.3 వోల్టుల రేటింగ్ ఉన్న చిన్న సైజుది 3 వోల్టుల దగ్గర సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు, తయారీదారు ఇచ్చే గ్రాఫ్ చూసి కొనండి. కార్డు మందంలో పట్టేవి చిన్న విలువల్లోనే దొరుకుతాయి కాబట్టి నాలుగైదు పక్కపక్కన పేర్చాల్సి వస్తుంది.

ఖాళీ కెపాసిటర్‌ను నేరుగా సెల్‌కు తగిలిస్తే అదీ ఒక దెబ్బే. మొదట 470 ఓమ్‌ల గుండా నింపండి. 470 ఓమ్‌లు, 47 మైక్రోఫారడ్లు కలిస్తే కాలస్థిరాంకం 22 మిల్లీ సెకన్లు, అయిదింతలు 110 మిల్లీ సెకన్లు ఆగండి. ఈలోపు సెల్ మీద పడే గరిష్ఠ భారం 6 మిల్లీ ఆంప్ లోపే. నిండాక రెండో మాస్‌ఫెట్‌తో (ఎలక్ట్రానిక్ స్విచ్) ఆ 470ని షార్ట్ చేసి, అప్పుడే బూస్ట్‌ను ఎనేబుల్ చేయండి. షార్ట్ చేయడం మరిచిపోతే రిఫ్రెష్‌లో పోయే 3 మిల్లీ ఆంప్‌కే రెసిస్టర్ మీద 1.4 వోల్టులు పోయి మళ్ళీ మొదటికొస్తుంది. ప్రతి నొక్కుకూ ఈ కెపాసిటర్ నింపడానికి పోయేది 0.14 మిల్లీ ఆంప్-సెకన్లు. రిఫ్రెష్ ఖర్చులో ఇరవయ్యో వంతు కూడా కాదు.

ఎవరైనా టాంటలం పెట్టమంటే బ్యాటరీ మీద మాత్రం నేరుగా పెట్టకండి. 100 మైక్రోఫారడ్లు, 6.3 వోల్టుల రకానికి డేటాషీట్‌లో అనుమతించే లీకేజీ మామూలుగా 6 మైక్రో ఆంప్ దాకా ఉంటుంది. మీ మొత్తం బడ్జెట్‌కు పదిహేనింతలు.

ఓర్వకల్లు_ఈసీఈ (కర్నూలు)

డివైడర్ పీకేసినాం, 0.3కి వచ్చింది అని మీటర్ చూపిస్తోంది. కానీ మైక్రో ఆంప్ రేంజిలో చివరి అంకె ఊగుతోంది, నమ్మాలో వద్దో తెలియడం లేదు. నానో ఆంప్ కొలిచే పరికరం కాలేజీలో లేదు. 47 ఓమ్‌లు పెట్టగానే రీసెట్ వచ్చింది, పెన్నేటి అన్న చెప్పిందే. 100 ఓమ్‌ల పరీక్ష కెపాసిటర్లు వచ్చాక చేస్తాం.

తాడిపత్రి_ఫర్మ్‌వేర్ (అనంతపురం)

పరికరం లేకున్నా కొలవచ్చు. ఏ ఎలక్ట్రికల్ షాపుకైనా పోయి సీలింగ్ ఫ్యాన్ కెపాసిటర్లు, 2.5 మైక్రోఫారడ్లవి, కొత్తవి నాలుగు తీసుకో. అవి పాలీప్రొపిలీన్ ఫిల్మ్, లీకేజీ నీ కొలతకు అడ్డం రానంత తక్కువ. నాలుగూ పక్కపక్కన కడితే 10 మైక్రోఫారడ్లు. బోర్డు మీద ఉన్న 10 మైక్రోఫారడ్ల సిరామిక్‌ను ఈ కొలత వరకు ఊడదీయి, లేకుంటే అదీ కలిసి లెక్క తప్పుతుంది.

బోర్డును 3.0 వోల్టుల సప్లైతో నడిపి స్లీప్‌లోకి పంపు. ఫిల్మ్ కెపాసిటర్లు సప్లైతో పాటు కట్టే ఉండాలి. ఇప్పుడు సప్లై తీగ పీకి, 20 సెకన్లు ఆగి, మీటర్ ఒక్కసారి తాకించి చదువు. 2.7 వచ్చిందనుకో. 10 మైక్రోఫారడ్లు ఇంటూ 0.3 వోల్టులు బై 20 సెకన్లు, అంటే 150 నానో ఆంప్. మీటర్‌ను మొదటి నుంచీ తగిలించి ఉంచావంటే దాని 10 మెగాఓమ్‌లే 300 నానో ఆంప్ తాగేస్తాయి, నువ్వు కొలిచేది మీటర్‌నే అవుతుంది. బోర్డును ముందు ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కడిగి ఆరబెట్టు. ఫ్లక్స్ మరక, వేలిముద్ర చాలు నానో ఆంప్‌లు కారడానికి. వాడని పిన్నులన్నీ అవుట్‌పుట్‌గా మార్చి 0 వోల్టుల దగ్గర పెట్టు, గాలిలో వదిలిన ఇన్‌పుట్ పిన్ ఒక్కటే మైక్రో ఆంప్‌లు మింగగలదు.

నీ 0.3 నమ్మదగ్గదే అనిపిస్తోంది, ఎందుకంటే ఆర్‌టీసీతో ఎల్‌పీఎం3.5కి డేటాషీట్‌లోనే 0.25 మైక్రో ఆంప్ ఉంది. ఇక్కడ ఒక పెద్ద నిర్ణయం. గడియారం నిజంగా కావాలా? కాలాన్ని బట్టి మారే ఓటీపీకే ఆర్‌టీసీ అవసరం. నొక్కు లెక్కను బట్టి మారే ఓటీపీ, ఆర్‌ఎఫ్‌సీ 4226లో చెప్పింది, చాలనుకుంటే గడియారం ఆపేసి ఇంకా లోతైన నిద్ర, ఎల్‌పీఎం4.5కి పోవచ్చు. అది 20 నానో ఆంప్. పదో వంతుకన్నా తక్కువ! దాని ఇబ్బంది ఒకటే, పిల్లోళ్ళు ఊరికే నొక్కినా లెక్క ముందుకు జరుగుతుంది, సర్వర్ కొన్ని కోడ్‌లు ముందుకు వెతికి చూడాలి. ప్రాజెక్టుకైతే నేను కళ్ళు మూసుకొని దీన్నే ఎంచుకుంటాను.

కాలం ఆధారంగానే కావాలంటే మన ఎండల సంగతి గుర్తుపెట్టుకో. 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడుస్తుంది, వేడెక్కితే నెమ్మదిస్తుంది. తేడా ఉష్ణోగ్రత వ్యత్యాసం వర్గానికి 0.034 పీపీఎం (పది లక్షల్లో వంతులు) చొప్పున. 45 డిగ్రీల దగ్గర 13.6 పీపీఎం, రోజుకు దాదాపు 1.2 సెకన్లు వెనక. కార్డు రోజంతా 45లో ఉండదు, కానీ మూడు నెలల వేసవిలో నిమిషం తేడా రావడం పెద్ద విషయం కాదు, కోడ్ 30 సెకన్లకొక అడుగు చొప్పున మారితే అది రెండు అడుగులు. సర్వర్ ప్రతి లాగిన్‌లో ఆ జాప్యాన్ని గుర్తుపెట్టుకొని సర్దుకోవాలి.

గడియారం ఆపేసి బోర్డు మొత్తాన్ని 150 నానో ఆంప్‌కు తెచ్చావంటే మూడేళ్ళ స్లీప్ 3.9 ఎంఏహెచ్. రోజుకు నాలుగు నొక్కులైతే 3.7. మన వేడికి ఏడాదికి 4 శాతం స్వయంగా తగ్గుతుందనుకుంటే 1.8. మొత్తం 9.4, నీ 10.5లో ఇమిడిపోతుంది.

మైదుకూరు_రవాణా (కడప)

మధ్యలో ఒక సందేహం. మామూలు ఏటీఎం కార్డు, ట్యాప్ చేసే కార్డు వీటిలో కూడా బ్యాటరీ ఉంటుందా?

పెన్నేటి_సర్క్యూట్ (కడప)

ఉండదండీ. మెషీన్‌లో పెట్టినప్పుడు చిప్ బంగారు రంగు పలకలోని సీ1 కాంటాక్టు నుంచి కరెంటు తీసుకుంటుంది. ట్యాప్ చేసినప్పుడు మెషీన్ వదిలే 13.56 మెగాహెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం నుంచి కార్డు అంచుల చుట్టూ ఉన్న తీగచుట్ట శక్తి తీసుకుంటుంది. డిస్‌ప్లే కార్డులో కూడా బ్యాటరీ డిస్‌ప్లేకు మాత్రమే. అది చచ్చినా చెల్లింపు ఆగకూడదు.

ప్రొద్దుటూరు_కార్డ్స్ (కడప)

సర్క్యూట్ సంగతి పెద్దలు చెప్పినారు, కార్డుగా మార్చేటప్పుడు బ్యాటరీ ఎక్కడ చస్తుందో నేను చెప్తా.

ప్రామాణిక మందం 0.76 మిల్లీమీటర్లు. మామూలు పీవీసీ కార్డును 130 నుంచి 150 డిగ్రీల వేడిలో ప్రెస్ చేస్తారు. నీ సెల్ సాధారణంగా 60 డిగ్రీల దాకానే ఓర్చుకుంటుంది. లామినేషన్ షాపులో ఇచ్చావో, కార్డు అందంగా వస్తుంది, బ్యాటరీ ఉబ్బి వస్తుంది. రెండు పీవీసీ షీట్ల మధ్య రెండు భాగాల పాలీయురేథేన్ జిగురు పోసి, చల్లగా, బరువు కింద ఆరబెట్టాలి. బుడగలు మిగిలితే ఆ చోటే కార్డు విరుగుతుంది.

సెల్ రేకు లోహం. ట్యాప్ యాంటెన్నా చుట్టు లోపల దాన్ని పెడితే క్షేత్రాన్ని మింగేసి ట్యాప్ దూరం పడిపోతుంది. చుట్టుకు దూరంగా జరుపు, కుదరకుంటే మధ్యలో ఫెరైట్ షీట్ పెట్టు.

బటన్ గురించి ఎవరూ అనలేదు. పర్సులో, వెనక జేబులో అది గంటల తరబడి నొక్కుకునే ఉంటుంది. కంట్రోలర్ లోపలి పుల్‌అప్ (బటన్ పిన్‌ను సప్లైకి కట్టే రెసిస్టర్) 35 కిలోఓమ్‌ల దరిదాపు, నొక్కి ఉన్నంతసేపూ 86 మైక్రో ఆంప్. అయిదు రోజులు అట్లే ఉంటే నీ 10.5 ఎంఏహెచ్ హారతి కర్పూరమే. లోపలి పుల్‌అప్ ఆపేసి బయట 4.7 మెగాఓమ్‌లు, 1 నానోఫారడ్ పెట్టు, అప్పుడు నొక్కి ఉన్నా 0.64 మైక్రో ఆంప్. ఒక నొక్కుకు ఒకే కోడ్, వదిలి మళ్ళీ నొక్కితేనే ఇంకోటి. డోమ్ బటన్‌ను సెల్ పైన కాకుండా ఎదురు మూలలో పెట్టు, నొక్కినప్పుడల్లా సెల్ వంగకూడదు.

టెర్మినల్‌లో పెట్టినప్పుడు అక్కడి కరెంటుతో డిస్‌ప్లే నడపాలని తర్వాత ఎప్పుడైనా అనిపిస్తే, రెండు షాట్కీ డయోడ్లతో కలపొద్దు. వేడికి షాట్కీ వెనక్కు కారుతుంది, 5 వోల్టుల వైపు నుంచి రీచార్జ్ కాని సెల్‌లోకి కరెంటు పోతుంది. అది బ్యాటరీ జీవితం సమస్య కాదు, ప్రమాదం. రెండు వైపులా అడ్డుకునే లోడ్ స్విచ్ తప్పనిసరి.

తయారయ్యాక కారు డాష్‌బోర్డు మీద వదలొద్దని కార్డు మీదే రాయి, మేలో మూసిన కారు లోపల 60 దాటుతుంది. పాత కార్డును కత్తిరించమని బ్యాంకులు చెప్తాయి కదా, దీన్ని అట్లా అడ్డదిడ్డంగా కత్తిరిస్తే కత్తెర సెల్‌ను షార్ట్ చేసి వేడెక్కిస్తుంది. సెల్ ఎక్కడుందో వెనక వైపు గీత గీసి చూపించి, చిప్ మీదుగా మాత్రమే కత్తిరించమను. మిగతా ముక్కను ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకే ఇవ్వాలి, చెత్తబుట్టలో కాదు.

ఓర్వకల్లు_ఈసీఈ (కర్నూలు)

ఆర్‌టీసీ ఆపేసి నొక్కు లెక్క పద్ధతికి మారుతున్నాం. పుల్‌అప్ మార్పు, 470 ఓమ్‌ల ప్రీచార్జ్ రెండూ కొత్త బోర్డులో పెడుతున్నాం. ఫ్యాన్ కెపాసిటర్ల కొలత పెట్టి, 100 ఓమ్‌ల పరీక్ష ఫలితంతో పాటు ఇక్కడే రాస్తాను. పాలీయురేథేన్ జిగురు ఆరడానికి కార్డు మీద ఎంత బరువు పెట్టాలి ప్రొద్దుటూరు అన్నా?

ప్రొద్దుటూరు_కార్డ్స్ (కడప)

అద్దం పలకల మధ్య పెట్టి పైన రెండు మూడు కిలోలు సమంగా పడితే చాలు. అంతకన్నా బిగిస్తే జిగురు అంచుల నుంచి కారిపోయి సెల్ మీదే ఒత్తిడి పడుతుంది. సెల్ మందానికి తగ్గ స్పేసర్ ఫ్రేమ్, 0.45 మిల్లీమీటర్లది, చుట్టూ పెట్టు. ఒక రోజంతా కదపకు. మొదటి రెండు కార్డులు సెల్ లేకుండా, దాని స్థానంలో ప్లాస్టిక్ ముక్క పెట్టి పోసి చూడు.