పురానాపూల్ నిజంగా భాగమతి కోసమే కట్టారా?

ప్రశ్న:
ఈ ఆదివారం మా అమ్మాయికి హైదరాబాద్‌లో మూసీ మీదున్న పాత వంతెన పురానాపూల్ చూపిద్దామనుకుంటున్నాను. ఏడో తరగతి చదువుతోంది. ప్రేయసి భాగమతిని కలవడానికి గోల్కొండ యువరాజు మహమ్మద్ కులీ వరదలో గుర్రాన్ని దూకించాడని, అది తెలిసి తండ్రి వంతెన కట్టించాడని కథ చెప్పాను. "నిజమేనా నాన్నా?" అంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1:
కథ బాగుంటుంది కానీ వయసు లెక్క కుదరదండీ. కులీ తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా వంతెన కట్టించింది 1578లో. అప్పటికి కులీకి పన్నెండో పదమూడో, అంటే ఇంచుమించు మీ అమ్మాయి ఈడే!

నేను వంతెనకు గోల్కొండ వైపున్న కార్వాన్‌లో పుట్టి పెరిగాను. మా ఒడ్డున నిలబడితే అసలు కారణం ఇట్టే అర్థమవుతుంది. గోల్కొండ కోట జనంతో కిక్కిరిసిపోయింది. వజ్రాల వర్తకులు దిగేది కార్వాన్‌లో. మచిలీపట్నం రేవు దారి పట్టాలంటే మూసీ దాటాలి. నది పొంగిందంటే బండ్లన్నీ ఆగిపోవాల్సిందే. చార్మినార్ వచ్చింది 1591లో, వంతెన తర్వాతే. ఈ దారి పడకపోతే ఆవలి ఒడ్డున హైదరాబాద్ కట్టాలన్న ఆలోచనే వచ్చేది కాదని నా గట్టి నమ్మకం.

కమానులు మాత్రం తప్పకుండా చూపించండి. మొత్తం 22, అన్నీ మొనదేలినవి. గుండ్రటి కమానుతో పోలిస్తే ఇవి బరువును పక్కలకు తక్కువగా నెట్టి, ఎక్కువగా కిందికి దించుతాయి. 1908 సెప్టెంబర్ వరదలో అఫ్జల్‌గంజ్, చాదర్‌ఘాట్ వంతెనలు తెగిపోయాయి. ఇది దెబ్బలు తిన్నా నిలబడింది.

జవాబు 2:
ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి టావెర్నియర్ ఈ వంతెన అందాన్ని పారిస్‌లోని పాంట్ నెఫ్ వంతెనతో పోల్చాడు. విశేషమేమిటంటే ఆ పారిస్ వంతెనకు శంకుస్థాపన జరిగింది కూడా 1578లోనే. పూర్తవడానికి 1607 దాకా పట్టింది.

ప్రశ్న వేసినవారు:
చాలా థ్యాంక్స్ అండీ. పైన కూరగాయల మార్కెట్ ఉందంటున్నారు, మరి కమానులు కనబడతాయా?

జవాబు 1:
పై నుంచి కనబడవు. అంతా తోపుడు బండ్లు, గోనెసంచులు, టార్పాలిన్లు. పక్కనే ఉన్న కొత్త వంతెన మీదికెళ్లి చూడండి. రాళ్ల సందుల్లో రావి మొక్కలు మొలిచి కనిపిస్తాయి. వాటిని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది, వేళ్లు లావెక్కితే రాయిని చీల్చేస్తాయి. కూరగాయలవాళ్ల మీద మాత్రం నాకే కోపమూ లేదు. మనుషులు మసలుతున్న వంతెన అది.

దక్షిణం కొసన దర్వాజా ఉంటుంది. పాత నగరం ప్రహరీకి మిగిలిన రెండు దర్వాజాల్లో అదొకటి, రెండోది దబీర్‌పురాలో. ప్రహరీ 18వ శతాబ్దానిది, అంటే దర్వాజా వంతెన తర్వాత కట్టింది. పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే రద్దీలో పాపకు ఏమీ కనబడదు.