అప్‌డేట్: ఒక్కో ప్యానెల్‌కు దాని సగటు గీత
ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో చార్ట్‌లు గీసే ప్యాకేజీ జీజీప్లాట్2తో గీసిన, పలు ప్యానెళ్లుగా (చిన్న చార్ట్‌లుగా) విడిపోయిన బార్ చార్ట్‌లో ప్రతి ప్యానెల్‌లోనూ దాని సగటు దగ్గరే అడ్డగీత వచ్చేలా చేయడం ఎలాగని అడిగాను. అది ఇప్పుడు కుదిరింది. సగటులను ప్యానెల్ పేరున్న కాలమ్‌తో సహా వేరొక డేటా ఫ్రేమ్‌లో (పట్టికలో) పెట్టి, దానిని అడ్డగీత గీసే జియోమ్_హెచ్‌లైన్‌కు డేటాగా ఇచ్చి, గీత ఎత్తును చెప్పే వైఇంటర్‌సెప్ట్‌ను, కాలమ్‌లను చార్ట్‌కు జతచేసే ఏఈఎస్ లోపల రాస్తే, ఏ గీత ఏ ప్యానెల్‌దో ప్యాకేజీయే పోల్చుకుంటుంది. అయితే ఆ కాలమ్ పేరు, చార్ట్‌ను ప్యానెళ్లుగా విడగొట్టే ఫ్యాసెట్_ర్యాప్‌లో ఇచ్చినదానితో పొల్లు పోకుండా సరిపోవాలి. లేకపోతే అన్ని గీతలూ అన్ని ప్యానెళ్లలోనూ పడతాయి. పొరలు రాసిన వరుసలోనే పడతాయి కనుక, బార్‌ల మీద గీత కనబడాలంటే దానిని బార్‌లు గీసే జియోమ్_కాల్ తర్వాతే రాయాలి. నా దృష్టిలో సన్నని చుక్కల గీతే నయం, మందమైనది బార్‌ల ఎత్తును మింగేస్తుంది. ఆ మందానికి ప్యాకేజీ 3.4.0 వెర్షన్ నుంచి సైజ్ బదులు లైన్‌విడ్త్ వాడాలి.