హంతకుడు సగంలోనే దొరికిపోతున్నాడు, క్లూ ఎక్కడ దాచాలి?

అర్ధరాత్రి స్క్రిప్ట్:
మూడు రాత్రులుగా ఇదే గొడవ. మర్డర్ మిస్టరీ రాస్తున్నాను, డైరెక్ట్ చేసేదీ నేనే. ఒక ఇల్లు, ఒక శవం, నలుగురు అనుమానితులు. ఆరుగురికి చదివి వినిపిస్తే ఐదుగురు సగంలోనే "వాడే కదా" అనేశారు, ఆరో ఆవిడ నిద్రపోయింది. క్లూలు తీసేస్తే చివర్లో మోసం చేసినట్టుంటుంది, ఉంచితే ముందే దొరికిపోతాడు. ఇవాళ పొద్దున్నుంచి కూర్చున్నా ఒక్క సీనూ కదల్లేదు. ఇలాంటివి తీసినవాళ్లు ఉంటే చెప్పండి, క్లూ అసలు ఎక్కడ దాచాలి?

రీలు మనిషి:
చివరి నుంచి వెనక్కి రాసుకురండి.

అర్ధరాత్రి స్క్రిప్ట్:
అలాగే రాశాను సార్. ఎవరు, ఎందుకు, ఎలా అన్నది మొదటి రోజే తేల్చేశాను. సమస్య అది కాదు.

రీలు మనిషి:
క్లూ ఏంటో చెప్పకుండా ఎక్కడ దాచాలంటే ఏం చెప్తాం.

సస్పెన్స్ శాస్త్రి:
ముందు మీరు రాస్తున్నది మిస్టరీయో సస్పెన్సో తేల్చుకోండి, ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే సగం స్క్రిప్టులు పాడవుతున్నాయి. 1962లో ఫ్రెంచ్ దర్శకుడు ట్రుఫోతో మాట్లాడినప్పుడు, సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ బల్ల కింద బాంబు సంగతి చెప్పాడు కదా. చెప్పాపెట్టకుండా పేలితే ప్రేక్షకుడికి పదిహేను సెకన్ల షాక్. అదే బాంబును ముందే చూపించి, బల్ల దగ్గరివాళ్లు ఏమీ తెలియక కబుర్లు చెప్పుకుంటూ ఉంటే పదిహేను నిమిషాల టెన్షన్. "ఎవరు చంపారు" అనే కథల్లో కుతూహలమే తప్ప ఎమోషన్ ఉండదని ఆయన ఫిర్యాదు. కాబట్టి దొరికితే దొరకనివ్వండి, ఎప్పుడు పట్టుబడతాడా అన్నదాని మీద నడపండి.

అర్ధరాత్రి స్క్రిప్ట్:
అప్పుడది వేరే సినిమా అవుతుంది శాస్త్రిగారూ.

ఎడిటింగ్ బల్ల:
దాచడం అనే మాటే తప్పు. క్లూ కళ్లెదురుగానే ఉండాలి, చూపు మాత్రం పక్కన ఉండాలి. నేను కట్ చేసినదాంట్లో ఒకడు రాత్రంతా ఇంట్లోనే ఉన్నానంటాడు, కానీ మూలన వాడి గొడుగు నీళ్లు కారుతూ ఉంటుంది. మొదట గొడుగుకి రెండు సెకన్ల క్లోజప్ వేశాం, చూసిన ప్రతివాళ్లూ పట్టేశారు. క్లోజప్ అంటే వేలుపెట్టి చూపించడమే. దాన్ని పీకేసి వైడ్ షాట్ ఒక్కటే ఉంచాం. ముందు మొగుడూ పెళ్లాల గొడవ, వెనకాల పనిమనిషి గొడుగు కింద నీళ్లు తుడుస్తుంటుంది. ఒక్కరు కూడా గమనించలేదు. చివర్లో అదే షాట్ మళ్లీ వేస్తే "అరె" అన్నారు. మీ స్క్రిప్టులో క్లూ వచ్చిన లైను తర్వాత ఏముందో చూడండి. మౌనం ఉంటే దొరికిపోయినట్టే, వెంటనే ఎవరో ఒకరు అరవాలి.

సస్పెన్స్ శాస్త్రి:
గొడుగు అసలు క్లూ. గొడవ రెడ్ హెరింగ్.

ఎడిటింగ్ బల్ల:
కాదు. రెడ్ హెరింగ్ అంటే తప్పు మనిషి మీదికి అనుమానం తిప్పే దొంగ క్లూ. గొడవ ఉత్తి అడ్డుతెర.

సస్పెన్స్ శాస్త్రి:
తిప్పేది అనుమానమైనా చూపైనా పని ఒకటే. డిటెక్టివ్ కథలకి 1929లో రచయిత రోనాల్డ్ నాక్స్ రాసిన పది నియమాల్లో, డిటెక్టివ్‌కి దొరికిన క్లూ వెంటనే పాఠకుడికీ చూపించాలని ఉంది. మీరు చేసింది చూపించీ చూపించనట్టు. అది న్యాయమా అన్నది నా ప్రశ్న.

ఎడిటింగ్ బల్ల:
ఫ్రేములో ఉంది, ఫోకస్‌లో ఉంది, ఇంకేం కావాలి? ఆ నియమాలు నవలలకి రాసినవి.

అర్ధరాత్రి స్క్రిప్ట్:
గొడుగు టెక్నిక్ బాగుంది కానీ నాకు కుదరదేమో, మొత్తం 18 నిమిషాలే కదా. పైగా వాయిస్ ఓవర్ అంతా హంతకుడిదే, వాడు ముందే అన్నీ చెప్పేస్తుంటాడు.

రీలు మనిషి:
ఇది ఇప్పుడా చెప్పేది?

అర్ధరాత్రి స్క్రిప్ట్:
చెప్పలేదా? చెప్పాననుకున్నా.

ఎడిటింగ్ బల్ల:
నేను రెండు గంటల సినిమా అనుకుని ఇంత రాశాను. సరే, ఆ వాయిస్ ఓవర్‌లో వాడు అబద్ధం ఆడతాడా?

అర్ధరాత్రి స్క్రిప్ట్:
ఒక్కటే. "ఆ రాత్రి నేను తొందరగా పడుకున్నాను" అంటాడు, పడుకున్నట్టు షాట్ కూడా ఉంది.

ఎడిటింగ్ బల్ల:
ఆ షాట్ తీసేయండి. 1950లో స్టేజ్ ఫ్రైట్ సినిమాలో హిచ్‌కాక్ ఇదే చేశాడు, ఒక పాత్ర చెప్పే అబద్ధాన్ని ఫ్లాష్‌బ్యాక్‌గా తీశాడు. అది చేయకుండా ఉండాల్సిందని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. మనిషి అబద్ధమాడితే సరే అనుకుంటారు, కెమెరా ఆడితే ఊరుకోరు. డైలాగ్ కూడా "పదింటికి లైటు ఆర్పేశాను" అని మార్చండి. ఆర్పింది నిజమేగా. పడుకున్నాడని చూసేవాళ్లే అనుకుంటారు.

రీలు మనిషి:
నలుగురు అనుమానితులు, కథ చెప్పేవాడు ఐదోవాడు. జాబితాలో లేనివాడే హంతకుడని చూసేవాళ్లకి అలవాటైపోయింది, మీ ఐదుగురూ పట్టింది అలాగే. మూడో నిమిషంలో పోలీసుల చేత వాడినే ముందు అనుమానించండి, ఐదో నిమిషంలో వదిలేయించండి. క్లూల జోలికి పోకండి.

కొత్త చూపరి:
మధ్యలో దూరుతున్నా, నైవ్స్ అవుట్ సినిమా తీసిన డైరెక్టర్ రయన్ జాన్సన్ ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు, సినిమాల్లో విలన్ చేతిలో ఐఫోన్ కనపడటానికి యాపిల్ ఒప్పుకోదట. అంటే ఫోన్లు చూసి హంతకుణ్ణి పట్టేయొచ్చు కదా?

సస్పెన్స్ శాస్త్రి:
అది క్లూ కాదు, కంపెనీ షరతు. పదాలు సరిగ్గా వాడండి.

అర్ధరాత్రి స్క్రిప్ట్:
మూడో నిమిషంలో పెట్టి చూశా, పోలీసు సీను దానంతటదే వచ్చేసింది. పడుకునే షాట్ తీసేశా. ఇంకా ఎవరికీ వినిపించలేదు, ఆరో ఆవిడతోనే మొదలుపెడతా. థ్యాంక్స్ అందరికీ, ఇక పడుకుంటా.

రీలు మనిషి:
లైటు ఆర్పండి చాలు.

సస్పెన్స్ శాస్త్రి:
అనుమానించి వదిలేయడం కూడా రెడ్ హెరింగ్ కిందికి రాదు, ఎందుకంటే హంతకుడు నిజంగా వాడే. దీనికి వేరే పేరుండాలి. ఎవరికైనా తెలుసా?